ఉమ్మడి బతుకు... ఎవరిష్టం?

పొలం ఒకటే, పొయ్యి ఒకటే, పెట్టె ఒకటే... నలుగురూ అలా కలిసి బతకడం స్వేచ్ఛకు విరుద్ధమా? 'ఎవరి ఆస్తి వారిది, ఎవరి బేరం వారిది' అని వాదించే ఆర్థికవేత్తలు దాన్ని ఒప్పుకుంటారా? పుస్తకాల్లో ఈ చర్చ చాలా దూరం నడిచింది. నెల్లూరు జిల్లా వెంకటాచలం చుట్టుపక్కల అయితే అది పొలంగట్ల మీదే నడిచింది.

చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారి మీద నెల్లూరు దాటి గూడూరు వైపు వస్తే వెంకటాచలం. అక్కణ్నుంచి సముద్రం దిక్కుగా వెళ్తే ముత్తుకూరు, కృష్ణపట్నం రేవు. ఇటువైపు రెవెన్యూ ఆఫీసుల్లో, టీకొట్ల దగ్గర, ఎన్నికల సభల్లో తరచూ వినపడే మాట ఒకటుంది... 'సీజేఎఫ్ఎస్ భూమి'. విడమరిస్తే కోఆపరేటివ్ జాయింట్ ఫార్మింగ్ సొసైటీ. అంటే సహకార ఉమ్మడి సేద్య సంఘం. భూమిలేని పేదల్ని ఒక సంఘంగా చేర్చి, ప్రభుత్వ భూమిని మనిషి పేరు మీద కాకుండా ఆ సంఘం పేరు మీద ఇచ్చారు. అందరూ కలిసి దున్నాలి, కలిసి నాటాలి, పండింది పంచుకోవాలి. ఆలోచన గొప్పదే!

జరిగింది వేరు. కాగితం మీద సంఘం ఉంది. పొలంలో మాత్రం ఎవరి ముక్కకు వాళ్లు గట్టు వేసుకున్నారు. ఏళ్ల తరబడి చెమటోడ్చిన నేల అడంగల్‌లో తమ పేరున లేదు. పట్టా లేదు కాబట్టి బ్యాంకులో అప్పు పుట్టలేదు. అదేమంటే 'భూమి నీది కాదు, సంఘానిది' అన్నారు. ఆ సంఘం ఎక్కడుందని వెతికితే చాలాచోట్ల రిజిస్టరు తప్ప మరేం మిగల్లేదు. పోనీ అమ్ముకుని పోదామంటే, పేదలకిచ్చిన ప్రభుత్వ భూమి చేతులు మారకూడదని 1977లో చట్టమే వచ్చింది. అమ్మలేకపోయారు, విడిపోలేకపోయారు, వాటా తీసుకుని బయటికి రాలేకపోయారు. దాంతో తెల్లకాగితాల మీద చేతులు మారినవి కొన్ని, బలమున్నవాళ్ల సాగులోకి వెళ్లినవి కొన్ని. 'సంఘం వద్దు, ఎవరిది వాళ్లకు రాసివ్వండి' అన్నది ఈ తీరంలో దశాబ్దాలుగా వినిపించిన కోరిక.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా... అనుకుంటాం. కానీ అదే జిల్లాలో ఇంకో కథ కూడా ఉంది.

తుపాకుల కోసం కొన్న నేలలో...

ఇందుకూరుపేట మండలం పల్లిపాడు, పెన్న ఒడ్డు. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ వచ్చి ఇక్కడ పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. సబర్మతిలో ఆయన దగ్గర ఉండివచ్చిన దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్య దీన్ని నిలబెట్టినవారు. స్థలం ఇచ్చింది పొణకా కనకమ్మ. ఆ పదమూడెకరాల వెనక తమాషా అయిన సంగతి ఒకటుంది. కనకమ్మ మొదట్లో విప్లవకారులకు అండగా నిలిచారు. రహస్యంగా ఆయుధ శిక్షణకు పనికొస్తుందని కొన్న భూమి అది. తుపాకుల కోసం కొన్న నేలలో చివరికి రాట్నాలు తిరిగాయి.

ఆశ్రమం అంటే ఉమ్మడి కాపురమే. వడకాలి, నేయాలి, అందరితో కలిసి ప్రార్థన చెయ్యాలి, అంటరానితనం పాటించకూడదు. 1921 నాటి నెల్లూరులో ఆ చివరి నియమం ఎంత కఠినమో చెప్పక్కర్లేదు. దానికి ఒప్పుకునే వాళ్లు వచ్చారు. ఉండలేనివాళ్లు వెళ్లిపోవడానికి ఏ తహసీల్దారు సంతకమూ అక్కర్లేదు. వచ్చినందుకు ప్రభుత్వం ఎకరం ఇవ్వలేదు, వెళ్తే ఎకరం లాక్కోనూ లేదు.

కృష్ణాజిల్లా ముదునూరులో 1940లో గోరా మొదలుపెట్టి, 1947లో విజయవాడకు తరలించిన నాస్తిక కేంద్రం కూడా ఇలాంటిదే. అక్కడ ప్రార్థన లేదు గానీ కలిసి బతకడం ఉంది. దేవుణ్ని నమ్మినవాళ్లూ నమ్మనివాళ్లూ ఈ ఒక్క విషయంలో ఒకే దారి తొక్కారన్నమాట!

ఆస్తి వదులుకోవడమూ హక్కే

ఇప్పుడు సిద్ధాంతం సంగతి. ప్రభుత్వం ఎంత తక్కువగా జోక్యం చేసుకుంటే అంత మేలు, మనిషి కష్టానికీ ఆస్తికీ అతనే యజమాని అనేవాళ్లని లిబర్టేరియన్లు అంటారు. తెలుగులో స్వేచ్ఛావాదులు అనుకోవచ్చు. వీళ్ల పేరు చెప్పగానే 'అమ్మో, పంచుకోవడం అంటే గిట్టనివాళ్లు' అనే అభిప్రాయం చాలామందికి ఉంది. వాళ్ల పుస్తకాలు తెరిచి చూస్తే అలా కనిపించదు.

హార్వర్డ్‌లో తత్వశాస్త్రం చెప్పిన రాబర్ట్ నోజిక్ 1974లో 'అనార్కీ, స్టేట్ అండ్ యుటోపియా' అనే పుస్తకం రాశాడు. స్వేచ్ఛావాదులకు అది పెద్దబాలశిక్ష లాంటిది. దాని చివరి భాగంలో ఆయన చెప్పిందాని సారాంశం ఇదీ... స్వేచ్ఛ ఉన్న దేశంలో అందరూ వ్యాపారులుగానే బతకాలని ఏమీ లేదు. కొందరు కలిసి ఆస్తి అంతా ఒకచోట పోసి, సమానంగా పంచుకుని బతుకుతామంటే అడ్డుపడే హక్కు ఎవరికీ లేదు. దేశం మొత్తం మీద రుద్దకూడని కట్టుబాట్లను కూడా ఇష్టపడి చేరినవాళ్లు తమ గుంపులో పెట్టుకోవచ్చు. ఆస్తి నాదైతే దాన్ని ఆశ్రమానికి ఇచ్చేయడం కూడా నా ఇష్టమే కదా!

మరి ఆర్థికశాస్త్రం ఒప్పుకుంటుందా? ధరలు లేకపోతే దేనికి ఎంత ఖర్చు పెట్టాలో లెక్క తెలియదు, అందుకే సోషలిస్టు ఆర్థిక వ్యవస్థ తడబడుతుందని లుడ్విగ్ వాన్ మీసెస్ 1920లోనే వాదించాడు. కానీ చిన్న ఆశ్రమానికి ఆ బాధ లేదు. లోపల అన్నం కొలిచి పెట్టకపోయినా, ఉప్పు కొనేది సంతలో, ఖద్దరు అమ్మేది సంతలో. ధరలు బయటినుంచి వచ్చేస్తాయి. ఫ్రెడరిక్ హేయక్ 1988లో వచ్చిన తన చివరి పుస్తకంలో దీన్నే ఇంకో వైపునుంచి చెప్పాడు. ఇంట్లో పనికొచ్చే ప్రేమ, పంపకం లక్షలమంది ఉండే సమాజానికి రుద్దితే సమాజం చెడుతుంది. సంతలో పనికొచ్చే బేరసారాల్ని ఇంట్లోకి తెస్తే ఇల్లు చెడుతుంది. అమ్మ వడ్డించిన అన్నానికి బిల్లు కట్టమంటే ఎలా ఉంటుంది మరి!

కాబట్టి సిద్ధాంతంలో పేచీ లేదు. ఉన్న పేచీ అంతా ఒక్క మాట దగ్గరే... 'ఇష్టపడి'. ఏది ఇష్టం, ఏది బలవంతం? దీని మీద ఈ దేశంలో జరిగిన అతి పెద్ద పోట్లాటకు నాయకత్వం వహించింది ఓ తెలుగు రైతుబిడ్డ.

నాగపూర్‌లో నిప్పు

గోగినేని రంగనాయకులు అంటే ఎవరా అనుకుంటారు. ఎన్.జి. రంగా అంటే అందరికీ తెలుసు. 1900లో నిడుబ్రోలులో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్థికశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో పాఠాలు చెప్పి, ఆ తర్వాత రైతు ఉద్యమంలోకి వచ్చినవారు. 1959 నాటికి ఆయన కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ కార్యదర్శి.

ఆ ఏడాది జనవరిలో నాగపూర్‌లో కాంగ్రెస్ మహాసభ జరిగింది. భవిష్యత్తులో దేశంలో వ్యవసాయం ఉమ్మడి సహకార పద్ధతిలో సాగాలని తీర్మానించారు. రైతులు భూములన్నీ కలిపేసి ఒక్కటిగా సాగు చేస్తారు. యాజమాన్యం హక్కు పేరుకు రైతుదే. భూమిని బట్టి కొంత, చేసిన పనిని బట్టి కొంత వాటా వస్తుంది. ముందుగా మూడేళ్లలో దేశమంతటా సేవా సహకార సంఘాలు పెట్టాలి, ఆ తర్వాత ఉమ్మడి సేద్యం. నెహ్రూ పదేపదే చెప్పారు... బలవంతం ఉండదు, అంతా స్వచ్ఛందమేనని.

రంగా నమ్మలేదు. ఉత్తరప్రదేశ్‌లో చరణ్‌సింగ్ నమ్మలేదు. రాజాజీ అసలే నమ్మలేదు. వాళ్ల అనుమానం సూటిగా ఉంది. అప్పు ఇచ్చేది ప్రభుత్వం, ఎరువు ఇచ్చేది ప్రభుత్వం, విత్తనం ఇచ్చేది ప్రభుత్వం. 'సంఘంలో చేరిన వాళ్లకే ఇవన్నీ ముందు' అని ఒక్క సర్క్యులర్ వస్తే, చేరని రైతు బతికేదెలా? మెడ మీద కత్తి పెట్టలేదు కాబట్టి స్వచ్ఛందం అనవచ్చా? పక్కనే చైనా ఉదాహరణ ఉండనే ఉంది. 1950ల మొదట్లో పరస్పర సాయం బృందాలుగా మొదలైనవి 1958కల్లా బ్రహ్మాండమైన కమ్యూన్లయ్యాయి. ఆ వెంటనే వచ్చిన కరవులో కోట్లమంది చనిపోయారు. ఆ లెక్క అప్పటికి బయటి ప్రపంచానికి తెలియదు గానీ, ఊళ్లకు ఊళ్లను ఒక్క వంటశాలకు చేర్చిన వార్తలు మాత్రం మద్రాసు దాకా వస్తూనే ఉన్నాయి.

రంగా కాంగ్రెస్‌ను వదిలేశారు. 1959 జూన్‌లో మద్రాసులో స్వతంత్ర పార్టీ ప్రకటన వెలువడింది. రాజాజీ పెద్దదిక్కు, మీనూ మసానీ ప్రధాన కార్యదర్శి, రంగా తొలి అధ్యక్షుడు. 1962 ఎన్నికల్లో లోక్‌సభలో 18 స్థానాలు, 1967లో 44. అప్పుడు అన్నిటికంటే పెద్ద ప్రతిపక్షం అదే. 1974లో మరో పార్టీలో కలిసిపోయి కనుమరుగైంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. రంగా సహకారానికి శత్రువేం కాదు. రైతులు కూడి ఎరువులు కొనుక్కోవడం, పంట అమ్ముకోవడం, అప్పు తెచ్చుకోవడం ఆయనకు ఇష్టమైన పనులే. పొలం గట్టు చెరిపేయడం దగ్గరే ఆయన అడ్డం తిరిగారు. తన భూమి తన చేతిలో ఉన్న రైతే సంఘం పెద్దలతో 'మీ పద్ధతి నాకు నచ్చలేదు' అని చెప్పి లేచి వెళ్లగలడు. గట్టు చెరిగాక ఏది ఎవరిదో చెప్పేది కరణం కాగితమే.

ఆ తర్వాత మూడో పంచవర్ష ప్రణాళికలో ఉమ్మడి సేద్యానికి 320 నమూనా ప్రాజెక్టులు అనుకున్నారు. దేశమంతా మారిపోతుందన్న ఊపు మాత్రం మెల్లగా చల్లారింది. చివరికి సంఘాల పేరిట భూములు దక్కింది ఎక్కువగా ఎవరికి? పట్టా భూమి ఉన్న రైతులు గట్టు చెరపనివ్వలేదు. ఏమీ లేని పేదలకు మాత్రం 'సంఘంగా ఉంటేనే భూమి' అన్నారు. వాళ్లు కాదనగలరా? నెల్లూరు తీరంలో సీజేఎఫ్ఎస్ కథ మొదలైంది ఈ షరతు దగ్గరే. రంగా భయపడింది కలవాళ్ల విషయంలో. అది నిజంగా అనుభవంలోకి వచ్చింది లేనివాళ్లకు!

చైనాలోనూ విడిపోవడం పేదల చేతుల మీదుగానే జరిగింది. అన్‌హుయి రాష్ట్రం షియావ్‌గాంగ్ గ్రామంలో 1978లో పద్దెనిమిదిమంది రైతులు రాత్రిపూట రహస్యంగా కూడి, కమ్యూన్ భూమిని కుటుంబాలవారీగా పంచుకుంటూ కాగితం మీద వేలిముద్రలు వేశారు. తమలో ఎవరైనా జైలుకు వెళ్తే వాళ్ల పిల్లల్ని మిగిలినవాళ్లు సాకాలని కూడా అందులో రాసుకున్నారు. చిత్రమేమిటంటే, ఉమ్మడి బతుకును వదిలించుకోవడానికి చేసుకున్న ఆ ఒప్పందంలోనే అసలైన ఉమ్మడితనం కనిపిస్తుంది.

తెలివైనవాళ్లు వెళ్లిపోతే?

ఇష్టపడి చేరిన ఉమ్మడి బతుకుకు ప్రపంచంలో పెద్ద ఉదాహరణ ఇజ్రాయెల్‌లోని కిబ్బుట్జులు. మొదటిది 1910లో గెలిలీ సరస్సు దగ్గర వెలసిన దెగానియా. సొంత జీతం లేదు, సొంత వంటిల్లు లేదు. చాలాచోట్ల పిల్లలు కూడా తల్లిదండ్రుల దగ్గర కాకుండా పిల్లల ఇళ్లలో పెరిగేవారు. బలవంతం చేసినవాళ్లు లేరు. నేటికీ దాదాపు 270 కిబ్బుట్జులున్నాయి. నోజిక్ 1978లో ఒక వ్యాసంలో వీటిని చూపించి కొంటె ప్రశ్న వేశాడు... ఇంత గౌరవం, ఇంత ప్రోత్సాహం ఉన్నచోట కూడా చేరినవాళ్లు జనాభాలో పదోవంతుకు చేరలేదే, ఇష్టానికి వదిలేస్తే సోషలిజాన్ని కోరుకునేది ఎందరని!

ప్రశ్న బాగానే ఉంది. కాకపోతే వ్యవసాయం చేసేవాళ్లు ఎందరో, వ్యాపారం చేసేవాళ్లు ఎందరో లెక్కకట్టి అది గొప్పది ఇది కాదు అనలేం కదా. అంతకంటే పనికొచ్చే పరిశీలన ఆర్థికవేత్త రాన్ అబ్రమిట్స్కీది. వాళ్ల అమ్మమ్మ, తాతయ్యల కాలంనుంచీ కిబ్బుట్జుతో సంబంధమున్న మనిషి. 2018లో పుస్తకం రాశాడు. అందరికీ సమానంగా పంచేచోట ఎక్కువ చదువు, నైపుణ్యం ఉన్నవాళ్లు బయటికి వెళ్లిపోవాలని చూస్తారు. బయట సంపాదన ఎక్కువ కాబట్టి. మరి వాళ్లని ఇన్నేళ్లు పట్టి ఉంచిందేమిటి? ఆశయం ఒకటి. రెండోది, వెళ్లేటప్పుడు చేతికి ఏమీ రాకపోవడం! ఇల్లూ కిబ్బుట్జుదే, పొదుపూ కిబ్బుట్జుదే. 1980ల్లో అప్పుల సంక్షోభం వచ్చి, ఆశయమూ సన్నగిల్లాక చాలా కిబ్బుట్జులు పనిని బట్టి జీతం పద్ధతికి మారిపోయాయి.

స్వేచ్ఛావాదులు గబగబా దాటేసే చోటు ఇదే. తలుపు తెరిచే ఉంది, ఇష్టం లేకపోతే వెళ్లొచ్చు అంటారు. ముప్ఫయ్యేళ్లు చాకిరీ చేసిన మనిషి కట్టుబట్టలతో ఆ తలుపు దాటగలడా?

కెనడాలో ఇది కోర్టుకెక్కింది. అక్కడ హట్టరైట్లు అనే క్రైస్తవ శాఖవారు ఊళ్లకు ఊళ్లు ఉమ్మడి ఆస్తితో బతుకుతారు. మానిటోబాలోని ఒక కాలనీలో కొందరు మరో మత శాఖలోకి మారారు. కాలనీ వాళ్లను వెలివేసింది. మా కష్టమూ ఇందులో ఉంది, వాటా ఇవ్వండని వాళ్లు కోర్టుకు వెళ్లారు. 1970లో సుప్రీంకోర్టు కాదంది. చేరేటప్పుడు రాసుకున్న నియమాల ప్రకారం ఆస్తి కాలనీదే, పోయినవాళ్లకు పైసా రాదు. ఒప్పందం ఒప్పందమే అనేవాళ్లకు తీర్పు సరిగ్గానే కనిపిస్తుంది. వెలివేత ఎలా ఉంటుందో తెలిసిన మన తీరగ్రామాలవాళ్లకు, ఊరి కట్టుబాటు, దురాయి చూసినవాళ్లకు, అంత తేలిగ్గా మింగుడుపడదు.

మన ఇంట్లోనే ఉంది

ఈ విషయంలో మన పాత ఉమ్మడి కుటుంబమే నయమనిపిస్తుంది. మితాక్షర న్యాయం ప్రకారం ఉమ్మడి ఆస్తిలో హక్కున్న కొడుకు కావాలన్నప్పుడు పంపకం అడగొచ్చు. తండ్రి కాదన్నా, అన్నదమ్ములు ముఖం మాడ్చుకున్నా వాటా వాటాయే. తలుపుతో పాటు చేతిలో మూటా ఉందన్నమాట. కలిసి ఉన్నన్నాళ్లూ ఇష్టపడి ఉన్నారని అనడానికి కాస్త ఆధారం దొరుకుతుంది.

కాకపోతే ఆ మూట కొడుకులకే. ఆడపిల్లలకు లేదు, కోడళ్లకు అసలే లేదు. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా చట్టం తెచ్చి అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది. 2005లో కేంద్రం ఆ హక్కును దేశమంతటా కూతుళ్లందరికీ విస్తరించింది. ఉమ్మడి కుటుంబం గొప్పదని ఉపన్యాసాలిచ్చేవాళ్లలో ఎందరు ఆ రెండు చట్టాలకూ చప్పట్లు కొట్టారో మరి!

కరవున్న చోట కూడిక

ప్రభుత్వం చెప్పకుండానే జనం కూడిన ఉదాహరణలు తెలుగు పల్లెల్లో లేకపోలేదు. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు రాయలసీమ కాలువల కింద ఉన్న 31 గ్రామాలను చూసి 1988లో 'విలేజ్ రిపబ్లిక్స్' పుస్తకం వేశాడు. కాలువ చివర ఉండి నీళ్లకు కటకటలాడే ఊళ్లలో రైతులు సొంతంగా కమిటీలు పెట్టుకున్నారు. నీరు పారించడానికి ఊరంతటికీ కలిపి మనుషుల్ని పెట్టారు, చేలకు కావలి పెట్టారు. కోతలయ్యాక పొలాల్లో మేపుకునే హక్కును మందలవాళ్లకు వేలం వేసి ఊరి నిధి కూడబెట్టారు. కాలువ మొదట్లో నీళ్లకు కొదవలేని ఊళ్లలో ఇవేవీ లేవు. అక్కర ఉన్నచోటే కూడిక. పొలం ఎవరిది వాళ్లదే, నీటి కాపలా మాత్రం ఉమ్మడి. తర్వాత 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ ఎలినార్ ఆస్ట్రమ్ ప్రపంచమంతా తిరిగి చూపించింది కూడా ఇలాంటి ఊళ్లనే.

మరి పూర్తిగా ఉమ్మడి సేద్యం? అదీ ఉంది. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సమత సంస్థ ద్వారా 'సమత ధరణి' పథకం వచ్చింది. పేద మహిళలు, ఎక్కువగా దళితులు, సంఘాలుగా ఏర్పడి ఊళ్లోనే భూమి కౌలుకు తీసుకుని కలిసి పండించారు. ఎవరి భూమినీ కలిపేయలేదు, ఎవరి పట్టానూ ఆపలేదు. నచ్చనివాళ్లు మరుసటి పంటకు మానుకోవచ్చు. ఆర్థికవేత్త బీనా అగర్వాల్ 2012-13లో తెలంగాణ, కేరళలలో ఇలాంటి మహిళా సంఘాల సాగు లెక్కల్ని ఒంటరి రైతుల లెక్కలతో పోల్చి చూశారు. కేరళ సంఘాలు ఒంటరి రైతుల్ని దాటేశాయి. తెలంగాణ సంఘాలు దిగుబడిలో వెనకబడ్డాయి. మంచి నేల కౌలుకు దొరకడమే వాళ్లకు కష్టం. అయినా కూలీల ఖర్చు కలిసిరావడంతో నికర ఆదాయంలో ఒంటరి రైతులకు సమంగా నిలిచాయి. సమత ధరణికి డబ్బు 2005లోనే ఆగిపోయింది. ఆమె లెక్కలు తీసే నాటికి కూడా ఆ మహిళల్లో కొందరు కలిసే నాట్లు వేస్తున్నారు.